కాళ్లలో తిమ్మిర్లు, మంటలు మొదలైతే: కారణం వెతకడం నుంచి పాదం కాపాడుకోవడం దాకా

"కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయండీ, ఏ మాత్ర వాడమంటారు?" అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. మాత్ర పేరు చెప్పడానికి ఒక నిమిషం చాలు. కానీ ఆ తిమ్మిరి షుగర్ వల్లా, విటమిన్ బీ12 తగ్గడం వల్లా, నడుములో నరం నొక్కుకుపోవడం వల్లా అన్నది తేలకుండా ఏ మాత్ర వేసుకున్నా కాలం వృథా అవుతుంది. ఆ కాలంలో నరం ఇంకాస్త దెబ్బతింటుంది.

మా నాన్నగారికి షుగర్ వచ్చి పద్నాలుగేళ్లయింది. మొదట అరికాళ్ల మంటలని గోల పెట్టేవారు. ఒక ఆసుపత్రిలో వరుసగా ఇంజెక్షన్లు చేశారు కానీ ఒక్కసారి కూడా సాక్సులు విప్పమనలేదు. కొన్నాళ్లకు మంటలు తగ్గాయి, అందరం సంతోషించాం. ఒక సాయంత్రం ఆయన నడిచిన చోటల్లా గచ్చు మీద రక్తపు మరకలు కనిపించాయి. చెప్పులోంచి లేచిన మేకు పొద్దుటి నుంచి గుచ్చుకుంటూనే ఉంది, ఆయనకు తెలియలేదు. మంట తగ్గింది నరం బాగుపడి కాదు, స్పర్శ పోయి.

అందుకే ఈ వ్యాసంలో మంట కంటే మొద్దుబారడం గురించే ఎక్కువ రాస్తున్నాను. మంట ఉన్నవాళ్లు ఎలాగూ డాక్టరు దగ్గరికి పరుగెత్తుతారు. మొద్దుబారినవాళ్లు "బాగానే ఉంది" అనుకుని ఇంట్లో కూర్చుంటారు.

1. ముందుగా: ఇవి ఉంటే చదవడం ఆపి ఆసుపత్రికి వెళ్లండి

నరాల జబ్బుల్లో ఎక్కువ భాగం నెమ్మదిగా వచ్చేవే. కొన్ని మాత్రం గంటల్లో తేలాల్సినవి.

☐ ఉన్నట్టుండి మూతి వంకర పోవడం, ఒక చెయ్యీ కాలూ పడిపోవడం, మాట ముద్దగా రావడం, ఒక పక్క చూపు పోవడం. పక్షవాతం అనుకుని 108కి ఫోన్ చేయండి. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా మొదటి నాలుగున్నర గంటల్లోనే ఇస్తారు. గడ్డను గొట్టం ద్వారా తీసే చికిత్స కొందరికి ఆ తర్వాత కూడా చేయగలరు కాబట్టి, ఆలస్యమైందని ఊరుకోవద్దు. మనిషి చివరిసారి ఎన్ని గంటలకు మామూలుగా ఉన్నారో గుర్తుపెట్టుకోండి, డాక్టరు అడిగే మొదటి ప్రశ్న అదే.

☐ రెండు కాళ్లలో మొదలైన బలహీనత రోజుల్లోనే పైకి పాకడం, ముఖ్యంగా విరేచనాలో జలుబు జ్వరమో వచ్చి తగ్గిన తర్వాత. దీన్ని గిలియన్ బారీ అంటారు. ఊపిరి కండరాల దాకా పాకితే ప్రాణాపాయం.

☐ నడుము నొప్పితో పాటు మూత్రం రాకపోవడం లేదా ఆగకపోవడం, మలద్వారం చుట్టూ, తొడల మధ్య స్పర్శ పోవడం. వెన్ను కింది నరాల గుత్తి నొక్కుకుపోతోందని దీని అర్థం. ఆపరేషన్ ఆలస్యమైతే మూత్రం మీద పట్టు శాశ్వతంగా పోవచ్చు.

☐ నడుస్తుంటే పాదం ముందు భాగం లేవక నేలకు ఈడ్చుకుపోవడం.

పక్షవాతం వచ్చినవాళ్లకు నీళ్లు తాగించడం, నోట్లో మాత్ర వేయడం, పసరు మందు కోసం వేరే ఊరికి తీసుకెళ్లడం చేయకండి. మింగలేని మనిషికి నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళతాయి. తలలో రక్తస్రావమై ఉంటే ఇంట్లో వేసిన ఆస్పిరిన్ దాన్ని పెంచుతుంది. స్కాన్ తీసేదాకా అది గడ్డా, రక్తస్రావమా ఎవరూ చెప్పలేరు.

మూతి వంకర పోయిన ప్రతిసారీ పక్షవాతం కాకపోవచ్చు. ముఖ నరం వాచినా (దీన్ని బెల్స్ పాల్సీ అంటారు) మూతి వంకర పోతుంది. అందులో నుదురు కూడా ముడుచుకోదు, ఆ పక్క కన్ను మూతపడదు. స్టెరాయిడ్ మాత్రలు మొదటి 72 గంటల్లో మొదలుపెడితే మేలు జరుగుతుంది. కన్ను ఎండిపోకుండా చుక్కల మందు, రాత్రి కంటి మీద టేపు అవసరం. ఏది ఏదన్నది ఇంట్లో తేల్చే ప్రయత్నం వద్దు, రెండింటికీ పరుగు ఒకటే.

2. 'నరం' అన్న మాటను విడదీసుకోండి

ఇది భాషకు సంబంధించిన చిక్కు, కానీ దీనివల్ల చాలామంది తప్పు డాక్టరు దగ్గరికి వెళుతున్నారు. మనం "సెలైన్‌కి నరం దొరకలేదు" అంటాం. అది రక్తనాళం. పిక్కల మీద నీలంగా మెలికలు తిరిగిన వాటిని చూపించి "నరాలు ఉబ్బాయి" అంటాం. అదీ రక్తనాళమే, దానికి చూడాల్సింది రక్తనాళాల సర్జన్. రాత్రి పిక్క పట్టేస్తే "నరం ఎక్కింది" అంటాం. అది కండరం బిగుసుకోవడం. ఇక గోడల మీద ప్రకటనల్లో 'నరాల బలహీనత' అంటే చెప్పేది పూర్తిగా వేరే సంగతి.

ఈ వ్యాసంలో నరం అంటే మెదడుకూ శరీరానికీ మధ్య స్పర్శ, కదలిక కబుర్లు మోసే తీగ. డాక్టరు దగ్గర "నరాల ప్రాబ్లం" అనకండి. ఏమనిపిస్తోందో అది చెప్పండి: మంట, సూదులు గుచ్చినట్టు, చీమలు పాకినట్టు, కరెంటు కొట్టినట్టు, దూది మీద నడిచినట్టు, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనట్టు, అసలేమీ తెలియనట్టు. ఈ మాటల్లో సగం రోగనిర్ధారణ ఉంటుంది.

3. కాగితం మీద బొమ్మ గీయండి

ఒక కాగితం మీద మనిషి బొమ్మ, ముందూ వెనకా, పిల్లలు గీసినట్టు గీసినా సరే. తిమ్మిరి ఉన్న చోట చుక్కలు, మంట ఉన్న చోట అడ్డగీతలు, స్పర్శ లేని చోట నల్లగా నింపండి. పక్కన ఎప్పుడు మొదలైందో, ఏ వేళ ఎక్కువో రాయండి. ఎక్కడ ఉంది, ఎలా పాకింది అన్నదాన్ని బట్టే కారణం చాలావరకు తెలుస్తుంది.

రెండు పాదాల్లో ఒకేలా, వేళ్ల చివర మొదలై నెలల తరబడి పైకి పాకుతూ, సాక్సు తొడిగిన ఆకారంలో ఉంటే అది శరీరం మొత్తానికి సంబంధించిన కారణం: షుగర్, బీ12 లోపం, మద్యం, కొన్ని మందులు. పొడవైన నరాల కొసలు ముందు దెబ్బతింటాయి, అందుకే కాలివేళ్లతో మొదలవుతుంది. మామూలుగా మోకాలి దగ్గరికి వచ్చే సమయానికి చేతివేళ్లలో కనిపిస్తుంది.

ఒకే కాలు, నడుము నుంచి పిర్ర మీదుగా పిక్క దాకా గుంజితే అది సయాటికా. వెన్నుపూసల మధ్య డిస్కు నరాన్ని నొక్కుతోందన్నమాట. చాలామందికి ఆపరేషన్ లేకుండానే కొన్ని వారాల్లో తగ్గుతుంది. పూర్తిగా మంచం మీద పడుకోవడం కంటే నొప్పి భరించగలిగినంత వరకు నడవడం మంచిది.

బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కి రాత్రి నిద్ర లేపితే, చెయ్యి విదిలిస్తే తగ్గితే, మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతోంది. దీన్ని కార్పల్ టన్నెల్ అంటారు. గర్భిణులు, థైరాయిడ్, షుగర్ ఉన్నవాళ్లు, రోజంతా చేతులతో బరువు పని చేసేవాళ్లలో ఎక్కువ. రాత్రి మణికట్టు వంగకుండా స్ప్లింట్ కట్టుకుంటే చాలామందికి ఉపశమనం ఉంటుంది. చిటికెన వేలు తిమ్మిరెక్కితే చూడాల్సింది మోచేతిని. గంటలకొద్దీ మోచెయ్యి మడిచి ఫోన్ పట్టుకునే అలవాటు ముందు మానండి.

ఛాతీకో నడుముకో ఒక పక్కనే పట్టీలా మంట పుట్టి, రెండు మూడు రోజుల్లో పొక్కులు లేస్తే అది అక్కి. కావితో రాయించుకుంటూ రోజులు గడపకండి. వైరస్ మందు పొక్కులు కనిపించిన 72 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. పొక్కులు మానినా నరాల మంట నెలల తరబడి ఉండిపోయేది ఈ జబ్బులోనే, ముఖ్యంగా పెద్ద వయసువాళ్లలో.

చర్మం మీద పాలిపోయిన లేదా ఎర్రటి మచ్చ, దాని మీద మాత్రమే స్పర్శ లేకపోతే కుష్ఠు కాదని తేలేదాకా వదలకండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం, 6 లేదా 12 నెలల్లో జబ్బు నయమవుతుంది. సిగ్గుపడి దాచితే వేళ్లు కొంకర్లు పోతాయి.

చేతుల వణుకు, ఫిట్స్, పార్శ్వనొప్పి మెదడుకు సంబంధించినవి, వాటి దారి వేరు. ఫిట్స్ గురించి మాత్రం ఒక్క మాట: తాళాల గుత్తి చేతిలో పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం వల్ల ఉపయోగం లేదు, పళ్లు విరుగుతాయి. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తటిది పెట్టి, గడియారం చూడండి. 5 నిమిషాలు దాటితే 108.

4. ఇంట్లోనే స్పర్శ పరీక్ష: రెండు నిమిషాల పని

దీనికి పరికరం అక్కర్లేదు. ఇంకో మనిషి, వాళ్ల చూపుడు వేలు చాలు.

1) రోగిని మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి సాక్సులు, మెట్టెలు తీయించండి. కుడి ఏదో ఎడమ ఏదో ముందే చెప్పించండి.

2) కళ్లు మూసుకోమనండి. "కాలికి తగిలినప్పుడల్లా కుడి, ఎడమ అని చెప్పు నాన్నా" అనండి.

3) చూపుడు వేలి కొసతో కాలివేలి చివర ఒకటి రెండు సెకన్లు తేలికగా తాకండి. నొక్కకూడదు, రుద్దకూడదు, చక్కిలిగింత పెట్టకూడదు.

4) వరుస ఇది: కుడి బొటనవేలు, కుడి చిటికెన వేలు, ఎడమ బొటనవేలు, ఎడమ చిటికెన వేలు, కుడి మధ్య వేలు, ఎడమ మధ్య వేలు.

5) ఒక్కో వేలికి ఒక్క అవకాశమే. చెప్పలేదని మళ్లీ గట్టిగా నొక్కడమే అందరూ చేసే తప్పు. గట్టిగా నొక్కితే లోపలి ఒత్తిడి తెలుస్తుంది, పరీక్ష చెడిపోతుంది.

ఆరు వేళ్లలో రెండు లేదా అంతకంటే ఎక్కువ తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే. తేదీ వేసి రాసుకుని డాక్టరుకు చూపించండి. ఆరూ తెలిసినా షుగర్ ఉన్నవాళ్లు ఏటా ఆసుపత్రిలో పాదాల పరీక్ష మానకూడదు.

అడగాల్సిన ఇంకో మూడు సంగతులు:

☐ నడుస్తుంటే హవాయి చెప్పు జారిపోయినా తెలియడం లేదా?
☐ ముఖం కడుక్కుంటూ కళ్లు మూసుకున్నప్పుడు తూలుతున్నారా?
☐ చీకట్లో బాత్రూముకు వెళ్లేటప్పుడు గోడ పట్టుకుంటున్నారా?

కాళ్ల నుంచి కబురు అందనప్పుడు మెదడు కళ్ల మీద ఆధారపడుతుంది. కళ్లు మూసుకుంటే ఆ ఆధారం పోతుంది. పెద్దవాళ్లు "కళ్లు తిరిగాయి" అని చెప్పేవాటిలో కొన్ని నిజానికి ఇవే.

5. డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు సంచి సర్దుకోండి

☐ మీరు గీసిన బొమ్మ, స్పర్శ పరీక్ష కాగితం
☐ వాడుతున్న మందుల చీటీలు కాదు, అట్టలే. ఆయుర్వేదం, పొడులు, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి కూడా
☐ గత రెండేళ్ల షుగర్ రిపోర్టులు
☐ ఈ ప్రశ్నలకు జవాబులు: మెట్‌ఫార్మిన్ (షుగర్ మాత్ర) ఎన్నేళ్లుగా? గ్యాస్ మాత్ర రోజూ వేస్తున్నారా? పాలు, పెరుగు, గుడ్డు, మాంసం ఎంత? మద్యం ఎంత, ఎన్నేళ్లుగా? టీబీ మందులు వాడారా? క్యాన్సర్‌కు కీమో జరిగిందా? ఈ మధ్య పురుగుమందు శరీరంలోకి వెళ్లిందా?

ఇవన్నీ ఎందుకంటే, మెట్‌ఫార్మిన్, గ్యాస్ మాత్ర రెండూ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గొచ్చు. టీబీకి వాడే ఐసోనియజిడ్ శరీరంలో బీ6ను తగ్గిస్తుంది, అందుకే దానితో పాటు బీ6 మాత్ర ఇస్తారు. చాలామంది అది ఉత్త బలం మాత్ర అనుకుని మానేస్తారు. కొన్ని పురుగుమందుల విషప్రభావం నుంచి బతికి బయటపడ్డ రెండు మూడు వారాలకు కాళ్లలో బలహీనత మొదలవుతుంది. అప్పటికి ఇంటికి వచ్చేసి ఉంటారు కాబట్టి ఆ రెండింటినీ ఎవరూ కలిపి చూడరు.

మద్యం సంగతి ఇంట్లోవాళ్ల ముందు చెప్పలేకపోతే డాక్టరుతో విడిగా మాట్లాడాలని అడగండి. ఆ ఒక్కటి దాచితే మిగతా పరీక్షలన్నీ దారి తప్పుతాయి.

ఎవరి దగ్గరికి? రెండు కాళ్లలో నెమ్మదిగా వచ్చిన తిమ్మిరికి ముందు మీ షుగర్ డాక్టరు లేదా జనరల్ ఫిజీషియన్ చాలు. బలహీనత ఉన్నా, ఒకే వైపు ఉన్నా, వేగంగా పెరుగుతున్నా, షుగర్ లేకుండా వచ్చినా న్యూరాలజిస్టు.

గదిలోకి వెళ్లగానే చెప్పులు, సాక్సులు విప్పేయండి. అడగకపోయినా సరే. ఎదురుగా పాదం కనిపిస్తే చూడని డాక్టరు ఉండరు. సన్నటి నైలాన్ దారంతో తాకడం, మోగే లోహపు ఫోర్కు ఎముక మీద పెట్టడం, మడమ వెనక చిన్న సుత్తితో కొట్టడం, పాదం నాడి పట్టి చూడడం: ఈ నాలుగూ జరిగితే పరీక్ష బాగా జరిగినట్టు.

6. పరీక్షలు: ఏది ముందు, ఏది తర్వాత

మొదటి విడత రక్త పరీక్షలే. షుగర్, హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు షుగర్), బీ12, థైరాయిడ్, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు), రక్తకణాల లెక్క. ఎక్కువమందికి కారణం ఇక్కడే దొరుకుతుంది.

బీ12 పరీక్షకు రక్తం ఇచ్చాకే ఇంజెక్షన్ చేయించుకోండి. ముందు ఇంజెక్షన్ చేయించుకుని తర్వాత పరీక్షకు వెళితే అంకె బాగా కనిపిస్తుంది, అసలు లోపం దాగిపోతుంది. మామూలుగా 200 (pg/mL) కంటే తక్కువుంటే లోపమే. 200 నుంచి 300 మధ్య ఉండి లక్షణాలు కూడా ఉంటే డాక్టరుతో మాట్లాడండి, "నార్మల్" అని రిపోర్టులో ఉందని వదిలేయకండి. బీ12 లోపం నెలల తరబడి సాగితే వెన్నుపాము కూడా దెబ్బతింటుంది, అది పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు.

రెండో విడతలో నర్వ్ కండక్షన్ పరీక్ష. చిన్న చిన్న షాకులు ఇచ్చి నరంలో కబురు ఎంత వేగంగా పోతుందో చూస్తారు. చిటుక్కుమంటుంది, ప్రమాదం లేదు. ఆ రోజు కాళ్లకు నూనె, క్రీము రాసుకోకండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నా, రక్తం పలచబరిచే మందు వాడుతున్నా ముందే చెప్పండి. ఈ పరీక్ష పెద్ద నరాలనే చూస్తుంది. మంట, వేడి చల్లదనం మోసే సన్నని నరాలు ఒక్కటే దెబ్బతింటే రిపోర్టు నార్మల్‌గా వస్తుంది. "రిపోర్టు బాగుంది, అంతా నీ భ్రమ" అని ఇంట్లోవాళ్లు అనడం అన్యాయం.

రెండు పాదాల్లో ఒకేలా మంట ఉన్నవాళ్లకు మామూలుగా ఎంఆర్ఐ అవసరం పడదు. నడుము నుంచి గుంజడం, బలహీనత, మూత్రం ఇబ్బంది ఉంటే అప్పుడు అవసరం.

7. మందులు: ఏది ఏం చేస్తుందో తెలుసుకుని వాడండి

మందులు రెండు రకాలు. ఒకటి కారణాన్ని సరిచేసేవి: షుగర్ మందులు, బీ12, థైరాయిడ్ మాత్ర. రెండోది మంటను తగ్గించేవి: ప్రీగాబలిన్, గాబాపెంటిన్, డులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్. రెండో రకం నరాన్ని బాగుచేయదు, పోయిన స్పర్శను తేదు. కానీ రాత్రి నిద్ర పట్టని మనిషికి నిద్ర ఇస్తుంది, అది చిన్న విషయం కాదు.

మెడికల్ షాపులో "నరాల మాత్ర" అని ఇచ్చే చాలా క్యాప్సూళ్లలో బీ12తో పాటు ప్రీగాబలిన్ కూడా కలిసి ఉంటుంది. విటమినే కదా అని వేసుకుని పెద్దవాళ్లు మత్తుగా తూలి పడుతున్నారు. అట్ట వెనక తిప్పి చదవండి.

మందుల్లో జరిగే తప్పులు, చేయాల్సింది:

1) నాలుగు రోజుల్లో తగ్గలేదని మానేయడం. ఈ మందులు చిన్న మోతాదుతో మొదలై మెల్లగా పెరుగుతాయి. కనీసం రెండు నుంచి నాలుగు వారాలు చూడండి.

2) తగ్గిందని ఒక్కసారిగా ఆపడం. నిద్ర పట్టకపోవడం, ఆందోళన, వికారం వస్తాయి. డాక్టరు చెప్పినట్టు మెట్టు మెట్టుగా దించాలి.

3) పాత జబ్బులు చెప్పకపోవడం. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు ప్రీగాబలిన్, గాబాపెంటిన్ మోతాదు తగ్గించాలి. ప్రోస్టేట్, గ్లకోమా, గుండె లయ ఇబ్బంది ఉంటే అమిట్రిప్టిలిన్ ప్రమాదం కావచ్చు.

4) ఒంటి నొప్పుల మాత్రలు రోజూ మింగడం. అవి నరాల మంట మీద పెద్దగా పనిచేయవు. షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీ మీద మాత్రం పనిచేస్తాయి, చెడుగా.

5) విటమిన్ ఎక్కువైతే ఏమవుతుందిలే అనుకోవడం. బీ6 ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే అదే నరాలను దెబ్బతీస్తుంది. రెండు మూడు రకాల మాత్రల్లో బీ6 కలిసి ఉందేమో చూసుకోండి.

షుగర్ బాగా ఎక్కువగా ఉన్నవాళ్లకు కొద్ది వారాల్లోనే చాలా దిగితే మంటలు కొంతకాలం పెరగొచ్చు. దానికి భయపడి షుగర్ మందు ఆపేయకండి, డాక్టరుకు చెప్పండి.

నరం తిరిగి పెరిగేది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. నెలకు మూడు సెంటీమీటర్లు, అదీ పరిస్థితులు అనుకూలిస్తే. "15 రోజుల్లో గ్యారంటీ" అని ఎవరైనా అంటే ఈ లెక్క గుర్తు చేసుకోండి.

8. పాదాల సంరక్షణ: రోజూ చేయాల్సిన పని

స్పర్శ తగ్గిందని తేలితే ఆ రోజు నుంచే మొదలుపెట్టండి. పాదం చెప్పలేని మాట కన్ను చూసి తెలుసుకోవాలి.

రోజూ రాత్రి, పడుకునే ముందు:

☐ మంచి వెలుతురులో పాదం పైన, అరికాలు, మడమ, వేళ్ల సందులు చూడండి. వంగలేనివాళ్లు నేల మీద అద్దం పెట్టుకోండి, లేదా ఫోన్‌తో ఫొటో తీయించుకోండి. చూపు సరిగా లేనివాళ్ల పాదాలు ఇంట్లో ఒకరు బాధ్యతగా చూడాలి.
☐ అరచేయి వెనకవైపుతో రెండు పాదాలను తాకండి. ఒకటి రెండోదాని కంటే వేడిగా ఉందా?
☐ గోరువెచ్చటి నీళ్లతో కడిగి, వేళ్ల సందులు మెత్తటి గుడ్డతో అద్దండి. నీళ్ల వేడి మోచేత్తో చూడాలి, పాదంతో కాదు.
☐ కొబ్బరినూనె లేదా క్రీము అరికాలికి, మడమకు రాయండి. వేళ్ల సందుల్లో వద్దు, అక్కడ తడి ఉంటే ఫంగస్ పట్టి ఒరుస్తుంది. నరాలు దెబ్బతిన్న పాదానికి చెమట పట్టదు, అందుకే మడమలు పగులుతాయి.

గోళ్లు స్నానం తర్వాత, మెత్తగా ఉన్నప్పుడు, అడ్డంగా తిన్నగా కత్తిరించండి. మూలల్లోకి తవ్వొద్దు. ఆనెలను బ్లేడుతో కోయడం, ఆనెల పట్టీ అంటించడం రెండూ వద్దు. ఆ పట్టీలోని మందు మంచి చర్మాన్ని కూడా తినేస్తుంది. మెట్టెలు బిగుతుగా ఉంటే తీసేయండి, వాపు వచ్చిన వేలికి అవి ఉరితాడు అవుతాయి.

వేడి దగ్గర మరింత జాగ్రత్త. ఉప్పు నీళ్ల కాపడం, వేడి నీళ్ల బ్యాగు, ఇటుక కాపడం, చలిమంట, బండి సైలెన్సర్. తిమ్మిరి పోతుందని కాపడం పెట్టి, కాలిన సంగతి మర్నాడు బొబ్బ చూశాక తెలుసుకున్నవాళ్లు చాలామంది.

చెప్పులు. ఇంట్లో కూడా వేసుకోవాలి. ఇది మన ఇళ్లలో కష్టమని తెలుసు. లోపలికి ఒక జత, బయటికి ఒక జత విడిగా పెట్టుకుంటే పెద్దవాళ్లు ఒప్పుకుంటారు, మా ఇంట్లో అలాగే కుదిరింది. ఎంసీఆర్ రబ్బరు (మెత్తటి మైక్రోసెల్యులార్ రబ్బరు) అడుగు ఉన్నవి, మడమ వెనక పట్టీ ఉన్నవి, మేకులు లేకుండా అతికించినవి కొనండి. సాయంత్రం పూట కొనాలి, అప్పటికి పాదం కాస్త వాచి అసలు కొలత తెలుస్తుంది. కొత్తవి మొదటి రోజు అరగంటే వేసుకుని, విప్పి ఎక్కడైనా ఎర్రబడిందేమో చూడండి. వేసుకునే ముందు ప్రతిసారీ దులిపి, లోపల చెయ్యి పెట్టి తడమండి. సాక్సులు తెల్లవో లేత రంగువో అయితే రక్తం, రసి మరక వెంటనే కనిపిస్తుంది.

గుడి, మాల, పొలం. ఎండాకాలంలో గుడి ప్రాంగణంలో బండలు ఎంత కాలతాయో తెలిసిందే. స్పర్శ ఉన్నవాళ్లు గెంతుతూ దాటేస్తారు. లేనివాళ్లు నింపాదిగా నడిచి అరికాలు కాల్చుకుంటారు. తెల్లవారుజామున లేదా పొద్దుగూకాక వెళ్లండి, మందపాటి సాక్సులు వేసుకోండి. మొక్కు ఉందని అలిపిరి మెట్లు ఒట్టికాళ్లతో ఎక్కే ముందు పాదాలు డాక్టరుకు చూపించండి. అయ్యప్ప మాల వేసుకునేవాళ్లు 41 రోజులు చెప్పుల్లేకుండా తిరుగుతారు. స్పర్శ పోయిన కాలికి ఆ నియమం ప్రమాదం. మాల వేయకముందే గురుస్వామితో ఈ మాట చెప్పి, చెప్పులకు అనుమతి అడగండి. పొలంలో దిగేవాళ్లు గమ్‌బూట్లు వేసుకుని, బయటికి రాగానే కాళ్లు కడిగి ఆరబెట్టుకోండి.

ఎలుకలున్న ఇంట్లో నేల మీద పడుకునేవాళ్లు పాదాలు దుప్పటితో బాగా కప్పుకోవాలి, లేదా మంచం మీద పడుకోవాలి. మొద్దుబారిన వేలిని ఎలుక కొరికినా మెలకువ రాదు.

9. పుండు కనిపిస్తే

చిన్నదే, నొప్పి లేదు అన్న రెండు మాటలూ మర్చిపోండి. నొప్పి లేకపోవడమే ఇక్కడ చెడ్డ గుర్తు.

1) శుభ్రమైన నీళ్లతో లేదా సెలైన్‌తో కడగండి.
2) పొడి గాజుగుడ్డ కప్పి వదులుగా కట్టు కట్టండి.
3) ఆ కాలి మీద బరువు మోపడం ఆపండి. నడుస్తూ ఉంటే ఎంత మంచి మందు రాసినా మానదు.
4) 24 గంటల్లో డాక్టరుకు చూపించండి.

పసుపు, సున్నం, ఆకు పసరు, టూత్‌పేస్టు ఏవీ పెట్టకండి. బొబ్బను సూదితో పొడవకండి. నీళ్లలో నానబెట్టకండి.

చుట్టూ ఎర్రబడి పాకుతున్నా, చెడు వాసన వస్తున్నా, నల్లబడినా, జ్వరం చలి ఉన్నా రేపటి దాకా ఆగొద్దు, అప్పుడే బయలుదేరండి.

పుండేమీ లేకుండానే ఒక పాదం వాచి, ఎర్రగా, వేడిగా ఉండి నొప్పి మాత్రం పెద్దగా లేకపోతే అది షార్కో పాదం కావచ్చు. లోపల ఎముకలు మెత్తబడి విరుగుతూ ఉంటాయి. బెణుకు అనుకుని జండూబామ్ రాసి నడిస్తే పాదం ఆకారమే మారిపోతుంది. నడక ఆపి, వాహనంలో ఆసుపత్రికి వెళ్లండి.

10. గోడ మీద అంటించుకునే పట్టిక

రోజూ: పాదాలు చూడడం, చెప్పులు దులపడం.

వారానికి ఒకసారి: గోళ్లు, మడమలు, చెప్పుల అడుగు. మేకు, ముల్లు, అరిగిన చోటు.

నెలకు ఒకసారి: ఆరు వేళ్ల స్పర్శ పరీక్ష, తేదీతో. పడుకుని లేచి నిలబడినప్పుడు కళ్లు తిరుగుతున్నాయా, మూత్రం పూర్తిగా వస్తోందా అని అడిగి రాయండి. లోపలి అవయవాల నరాలు కూడా షుగర్‌కు దెబ్బతింటాయి.

3 నెలలకు: హెచ్‌బీఏ1సీ. చాలామందికి 7 శాతం లోపు లక్ష్యం, వయసు మీరినవాళ్లకు డాక్టరు కొంచెం సడలిస్తారు.

ఏడాదికి: ఆసుపత్రిలో పాదాల పూర్తి పరీక్ష, మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకు బీ12, కళ్లు, కిడ్నీ. ఇప్పటికే స్పర్శ పోయినవాళ్లు పాదాల పరీక్షకు ఏడాది ఆగకుండా 3 నుంచి 6 నెలలకోసారి వెళ్లాలి. ఒకసారి పుండు పడి మానినవాళ్లయితే ఒకటి నుంచి మూడు నెలలకే, ఎందుకంటే మళ్లీ పడేది ఎక్కువగా వాళ్లకే.